లాప్‌టాప్‌కు కొత్త ర్యామ్ పనిచేయకపోతే: కారణాలు, కొనేముందు చూసుకోవాల్సినవి

సమస్య: ర్యామ్ స్టిక్ (చిప్పులున్న చిన్న పలక) స్లాట్‌లో దిగడం లేదు
ర్యామ్ తరం తేడా. డీడీఆర్ పక్కనుండే అంకే ఆ తరం. లాప్‌టాప్ స్టిక్కులకు డీడీఆర్3లో 204 పిన్నులు, డీడీఆర్4లో 260, డీడీఆర్5లో 262. అంచున ఉండే గాటు ఒక్కో తరానికి ఒక్కోచోట ఉంటుంది. నొక్కి కూర్చోబెట్టబోతే స్లాటే విరుగుతుంది. వెనక్కిచ్చి మార్చుకోండి.

సమస్య: స్టిక్ చక్కగా దిగింది, పవర్ లైటూ వెలుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది
ఇంటెల్ 4, 5వ తరం యూ రకం (పేరు చివర ‘యూ’ ఉండే) ప్రాసెసర్ల లాప్‌టాప్‌లైతే ముందు వోల్టేజీని అనుమానించండి. వాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి; మామూలు డీడీఆర్3 స్టిక్ 1.5 వోల్టులది. పిన్నులూ గాటూ రెండింటికీ ఒకటే కాబట్టి ఏదైనా దిగిపోతుంది, చిక్కంతా అక్కడే. పాత స్టిక్ లేబుల్ మీద ‘పీసీ3ఎల్-12800’ అని ఉంటే, కొత్తదాని మీదా ఆ ‘ఎల్’ ఉండాలి. షాపులో ‘డీడీఆర్3 ఎనిమిది జీబీ’ అని మాత్రమే అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం. పాతది ఊడదీసి పట్టుకెళ్లడమే మేలు.

లేబుల్ సరిపోయినా తెర రాకపోతే ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. స్టిక్ బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేయండి. ఏటవాలుగా లోపలిదాకా తోసి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేవరకు కిందికి నొక్కండి. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు, కంగారుపడి పవర్ ఆపకండి.

సమస్య: 3200 వేగం ర్యామ్ కొంటే 2400 చూపిస్తోంది
ర్యామ్ బాగానే ఉంది. ఉదాహరణకు ఐ5-8250యూ ప్రాసెసర్ పరిమితే డీడీఆర్4-2400. పక్కన 2400 పాత స్టిక్ ఉన్నా రెండూ ఆ వేగానికే దిగుతాయి. అలాంటిచోట వేగానికి పెట్టే డబ్బు జీబీలకు పెట్టండి.

సమస్య: 8 జీబీ వేసినా 4 కూడా పూర్తిగా వాడుకోవడం లేదు
కారణం 32 బిట్ విండోస్. 64 బిట్ ఎక్కించాలి.

సమస్య: మూత తెరిస్తే అసలు స్లాటే లేదు
ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది. కొనకముందే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిచి ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ చూడండి. ‘ఎస్‌ఓడిమ్’ అంటే ఊడేది, ‘రో ఆఫ్ చిప్స్’ అంటే అతికినది. ‘స్లాట్స్ యూజ్డ్’ అంకెను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. కొన్ని లాప్‌టాప్‌లు అతికిన చిప్పులనూ స్లాటుగా లెక్కేస్తాయి. అనుమానముంటే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో స్లాటు బొమ్మ, గరిష్ఠ జీబీ రెండూ దొరుకుతాయి.