పొద్దున్నే మొండికేసే డీజిల్ కారు: నా అనుభవం

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పాత డీజిల్ కారులోనే రోజూ గుంటూరు నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్తాను. కొన్నాళ్లుగా పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజిన్ అందుకునేది కాదు. ఒకసారి అందుకుందంటే సాయంత్రం దాకా ఏ పేచీ లేదు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయన్నాడు మెకానిక్. ఆ ఖర్చు వింటేనే టెన్షన్! చల్లటి ఇంజిన్ అందుకోవడానికి లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్‌ల మీద, మన ఎండల్లో నాకు అనుమానం రాలేదు.

ఓ రోజు స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఫిల్టర్ దగ్గర, లైన్‌లోకి డీజిల్ నింపే చేతి పంపును గట్టిపడేదాకా నొక్కాను. తాళం తిప్పగానే అందుకుంది. అంటే రాత్రి లైన్‌లోకి గాలి చేరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతోందన్నమాట. ఫిల్టర్‌కు ముందూ వెనకా లోపల కనిపించే డీజిల్ పైపు ముక్కలు పెట్టించి చూశాం. ముందు పైపులో ఏమీ లేదు, తర్వాతి దాంట్లో సన్నటి బుడగలు. కింద మాత్రం చుక్క కారలేదు. ఇది ఇంజిన్ పంపు ట్యాంకులోంచి డీజిల్‌ను పీల్చే వైపు కదా, డీజిల్ బయటికి రాకుండానే గాలి లోపలికి పోతుంది.

ఫిల్టర్ మూత కింద గాలి చొరకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ గోటితో వంచితే పుటుక్కున విరిగింది. కొత్తది వేసి, పైపు క్లిప్పులూ మార్పించాను. ఇప్పుడు సగం సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత ఓ-రింగే మళ్లీ బిగిస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి.