ఫైళ్లు కాపీ చేసే స్క్రిప్ట్‌ను ఏ మెషీన్లో నడపాలి?

నేను చూసుకునే కంప్యూటర్లు 38. అన్నీ విండోసే, అన్నీ ఒకే డొమైన్‌లో (ఖాతాలన్నీ ఒకే చోట చూసుకునే ఏర్పాటు) ఉన్నాయి. సెట్టింగుల ఫైలు ఒకటి మారినప్పుడల్లా అన్నింటిలోకీ చేరాలి. మొదట్లో పెన్ డ్రైవ్ పట్టుకుని బల్ల బల్లకీ తిరిగేవాణ్ణి. తర్వాత పైథాన్‌లో స్క్రిప్ట్ రాశాను. రాయడానికి అరగంట పట్టింది. నా దగ్గర చక్కగా నడిచింది అక్కడ ఎందుకు మొండికేస్తోందో తెలియడానికి మూడు రోజులు పట్టింది.

తప్పు స్క్రిప్టులో లేదు. దాన్ని అవతలి మెషీన్లోనే నడపాలని పట్టుబట్టడంలో ఉంది. ఫైలు చేరవేయడమొక్కటే పనైతే, స్క్రిప్ట్ మీ కంప్యూటర్లోనే నడవనివ్వండి. మామూలుగా ప్రతి విండోస్ మెషీన్‌కీ 'సీ డాలర్' (C$) అనే దాపరికపు షేర్ ఉంటుంది, అది సీ డ్రైవే. ఆ మెషీన్‌పై అడ్మిన్ హక్కులున్న డొమైన్ ఖాతాతో మీరు లాగిన్ అయి, ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్టును దారిలో ఫైర్‌వాల్ ఆపకుండా ఉంటే, రెండు బ్యాక్‌స్లాష్‌లు, మెషీన్ పేరు, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్, సీ డాలర్, ఆపైన ఫోల్డర్ దారి రాస్తే చాలు. పైథాన్‌తోనే వచ్చే shutil మాడ్యూల్లోని 'కాపీ2' ఫంక్షన్‌కి ఆ దారి ఇవ్వండి. ఫైలు సవరించిన తేదీని కూడా అది మోసుకెళ్తుంది. పర్మిషన్లను మాత్రం మోసుకెళ్లదు. అవతల పైథాన్ ఉండాల్సిన పనే లేదు.

దారి రాసేటప్పుడు కొటేషన్‌కి ముందు 'ఆర్' అక్షరం పెట్టడం మర్చిపోకండి. లేకపోతే బ్యాక్‌స్లాష్ పక్కన 'ఎన్' వస్తే కొత్త లైను, 'టి' వస్తే ట్యాబ్ అయిపోతుంది. 'టెంప్' అన్న ఫోల్డర్ కనపడటం లేదని నేను గంటసేపు వెతికాను. 'ఆర్' పెట్టినా సరే, చివర్లో ఒంటరి బ్యాక్‌స్లాష్‌తో స్ట్రింగ్ ముగించడానికి పైథాన్ ఒప్పుకోదు.

డొమైన్ లేకుండా, ఏ మెషీన్ ఖాతాలు దానివే అయిన వర్క్‌గ్రూప్‌లో ఉంటే సీ డాలర్ మొరాయిస్తుంది. లోకల్ అడ్మిన్ ఖాతాతో వెళ్లినా నెట్‌వర్క్ మీద ఆ హక్కుల్ని విండోస్ కత్తిరిస్తుంది. రిజిస్ట్రీలో దీన్ని తప్పించే దారి ఉంది కానీ నాకది నచ్చదు. ఒక మామూలు ఫోల్డర్‌ను షేర్ చేసి, ఆ ఒక్క ఖాతాకే రాసే హక్కు ఇవ్వడం మేలు.

ఇక స్క్రిప్ట్ అక్కడే నడవక తప్పని సందర్భాలూ ఉంటాయి. కాపీకి ముందు ఒక సర్వీసు ఆపాలి, జిప్ విప్పాలి, ఆ మెషీన్లో ఏముందో చూసి నిర్ణయించాలి. అప్పుడు విన్‌ఆర్‌ఎమ్ (WinRM) వాడండి, దూరం నుంచి కమాండ్లు నడిపించే విండోస్ సేవ అది. మామూలుగా 5985 పోర్టు, హెచ్‌టీటీపీఎస్ అయితే 5986. పవర్‌షెల్ రిమోటింగ్ నడిచేది దీని మీదే. పైథాన్ నుంచైతే 'పైవిన్‌ఆర్‌ఎమ్' లైబ్రరీ ఉంది.

నా మూడు రోజుల్నీ మింగేసింది ఇక్కడే. నా కంప్యూటర్ నుంచి అవతలి మెషీన్లోకి వెళ్లి, అక్కణ్ణుంచి ఫైల్ సర్వర్‌లోని ఫైలు తెమ్మన్నాను. ఫైలు లేదంది. అదే మెషీన్ ముందు కూర్చుని నడిపితే ఉందంది! జరిగేదేమిటంటే, నేనెవరో ఆ మెషీన్‌కి రుజువు చేశాను గానీ, నా పాస్‌వర్డ్‌ను దాని చేతికివ్వలేదు. అందుకని అది నా పేరు మీద మూడో మెషీన్ తలుపు తట్టలేదు. దీన్ని డబుల్ హాప్ సమస్య అంటారు. పైగా పైథాన్‌లో 'ఎగ్జిస్ట్స్' ఫంక్షన్ అనుమతి లేకపోయినా ఎర్రర్ చూపకుండా 'ఫాల్స్' అనేస్తుంది. ఉన్న ఫైలును లేదని నమ్మించింది అదే. ఇలాంటి చోట ముందు 'ఎగ్జిస్ట్స్' అడక్కుండా నేరుగా ఫైలు తెరవండి. అప్పుడు అసలు ఎర్రర్ బయటపడుతుంది.

దీనికి క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ అనే మందు ఉంది. అది మీ పాస్‌వర్డ్‌ను అవతలి మెషీన్‌కే అప్పగిస్తుంది. ఆ మెషీన్ ఎవరి చేతిలోనైనా పడితే మీ అడ్మిన్ ఖాతా కూడా వాళ్లదే. నేను వాడను. ముందు ఫైళ్లను సీ డాలర్ ద్వారా ఆ మెషీన్లోకి నెట్టేస్తాను, తర్వాత విన్‌ఆర్‌ఎమ్‌తో అక్కడి స్క్రిప్టును నడుపుతాను. అన్నీ దాని సొంత డిస్కులోనే ఉంటాయి కాబట్టి రెండో తలుపు తట్టే పని ఉండదు.

అక్కడ నడిపేటప్పుడు పైథాన్ ఎక్జిక్యూటబుల్‌కి పూర్తి దారి ఇవ్వండి. ఒక యూజర్ కోసమే ఇన్‌స్టాల్ చేసిన పైథాన్ ఇంకో ఖాతా పాత్‌లో (ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉండదు. మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే జెడ్ డ్రైవ్ లాంటివి కూడా రిమోట్ సెషన్లో ఉంటాయనుకోకండి.

పెద్ద ఫోల్డర్లకు నేను స్క్రిప్ట్ లోంచి విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌ను పిలుస్తాను. దానివి రెండు తిక్కలున్నాయి. పని బాగా జరిగితే 1 అనే కోడ్ తిరిగిస్తుంది. బయటి ప్రోగ్రాములను నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్లో 'చెక్' ఆన్ చేసి ఉంటే పైథాన్ దాన్ని ఫెయిల్యూర్‌గా పట్టుకుంటుంది. చెక్ తీసేసి, కోడ్ 8 గానీ అంతకు మించి గానీ వస్తేనే తప్పు జరిగినట్టు చూడండి. రెండోది, ఎవరో తెరిచి ఉంచిన ఫైలు తగిలితే, ఏమీ చెప్పకపోతే పది లక్షల సార్లు, 30 సెకన్లకోసారి మళ్లీ ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే 347 రోజులు! ఎన్నిసార్లో చెప్పే ఆర్ ఆప్షన్‌కి 2, ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే డబ్ల్యూ ఆప్షన్‌కి 5 ఇస్తాను. 'మిర్' ఆప్షన్ జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేస్తుంది.

ఆఫ్‌లో ఉన్న మెషీన్ దగ్గర స్క్రిప్ట్ చాలాసేపు నిలబడిపోతుంది. అందుకే ముందు సాకెట్‌తో 445 పోర్టును 3 సెకన్ల గడువు పెట్టి తట్టి చూస్తాను. పలకకపోతే పేరు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుని ముందుకెళ్తాను. ఫైలును కూడా ముందు వేరే పేరుతో కాపీ చేసి, రెండు వైపులా షా256 (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) సరిపోలాకే అసలు పేరుకు మారుస్తాను. మధ్యలో నెట్‌వర్క్ తెగినా సగం ఫైలు ఎవరి నెత్తినా పడదు. టెక్స్ట్ ఫైల్లో మిగిలిన పేర్లకు మధ్యాహ్నం ఇంకోసారి నడుపుతాను.