చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు పద్యం నేర్పే పద్ధతి

చెన్నైలోని తెలుగు తల్లిదండ్రులు పిల్లలకు ప్రాచీన సాహిత్యం రుచి చూపించాలనుకున్నప్పుడు అక్షరమాలతో మొదలుపెట్టడం, కొన్నాళ్లకే ఇద్దరూ విసిగి పుస్తకం మూసేయడం నేను చాలా ఇళ్లలో చూశాను. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది కనుక పిల్లల కన్ను ఆ లిపికే అలవాటు పడి ఉంటుంది. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరంతో సరిపెట్టే లిపి నుంచి వచ్చిన బిడ్డకు మన వర్గాక్షరాలన్నీ ఒక్కసారిగా అప్పగిస్తే బెదిరిపోవడం సహజం. అందుచేత ఒక ఆరు నెలలు లిపి జోలికి పోకుండా చెవితోనే మొదలుపెట్టండి.

మొదటి మెట్టు మీ పిల్లలు బడిలో వల్లెవేస్తున్న తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్‌లోనే ఉంది. అందులోని మొదటి కురళ్, అంటే రెండు పాదాల పద్యం, చెప్పించి, రెండు పాదాల తొలి మాటలైన ‘అగర’, ‘బగవన్’లలో రెండో అక్షరం ఏమిటో అడగండి. రెండింటా ‘గ’యే. తమిళంలో దీన్ని ఎదుగై అంటారు, మన ప్రాస దీనికి దగ్గరి చుట్టం. పక్కింటి భాష నేర్చుకోవడం వల్ల తెలుగు దెబ్బతింటోందని బాధపడే పెద్దలు ఈ చిన్న పోలికను గమనించాలి.

తరువాత వేమన ఆటవెలదిని ఎంచుకోండి. గురువుకు, అంటే సాగదీసి లేదా ఒత్తి పలికే అక్షరానికి, చప్పట; లఘువుకు, అంటే పొట్టిగా పలికే అక్షరానికి, చిటిక అని నియమం పెట్టి ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ అనే పాదాన్ని నెమ్మదిగా చెప్పండి. ఉప్పు, కప్పు, రంబు అనేసరికి మూడుసార్లు చప్పట–చిటిక పడుతుంది. అవి మూడు సూర్యగణాలు, అంటే గురులఘువుల చిన్న గుంపులు. ‘నొక్కపో’, ‘లికనుండు’ అనే రెండు ఇంద్రగణాల దగ్గర, అంటే కాస్త పెద్ద గుంపుల దగ్గర, నడక మారుతుంది. రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో అయిదూ సూర్యగణాలే కాబట్టి చేతులు మళ్లీ తేలికగా సాగుతాయి. ‘ఉ’ హ్రస్వమైనా చప్పట ఎందుకని పిల్ల అడిగినప్పుడు, తరువాత ద్విత్వమో సంయుక్తాక్షరమో ఉంటే ముందున్నది గురువవుతుందని అప్పుడే చెప్పండి. అడగకముందే సూత్రం చెప్పకండి. ఈ నగరంలోనే పనిచేసిన చిన్నయసూరి బాలవ్యాకరణం పేరులో ‘బాల’ ఉన్నంత మాత్రాన దాన్ని పిల్లల చేతిలో పెట్టడం న్యాయం కాదు.

వారానికి ఒక్క పద్యం చాలు. నోటికి వచ్చాకే పదవిభాగం చేయించండి. ‘నొక్క’లోని ‘న’ ఎక్కడిదని అడిగితే ‘కప్పురంబును ఒక్క’ అని విడదీయడం పిల్లలకు దొంగను పట్టుకున్నంత సరదాగా ఉంటుంది. ఆ పైన అన్వయం, అంటే పద్యంలోని మాటలను వచనం వరుసలో పేర్చడం. పద్యం చదివితే లెక్కలు బాగా వస్తాయనే మాటలు నేను నమ్మను. క్రియ వచ్చేదాకా కర్తనూ కర్మనూ మనసులో నిలుపుకొని ఓపికగా వాక్యం వెంట నడవడం మాత్రం అన్వయంతో అలవడినంత చక్కగా మరే అభ్యాసంతోనూ అలవడదు.

సుమతీ శతకం నుంచి ఏరి చెప్పండి. స్త్రీలను చులకన చేసే పద్యాలు అందులో ఉన్నాయి. వాటిని చిన్నవాళ్లకు చెప్పకుండా వదిలేసి, తొమ్మిదో తరగతి పిల్లలతో అయితే చదివి, వాదించండి.

ఏడాది గడిచి, లిపి కూడా పట్టుబడ్డాక పోతన గజేంద్రమోక్షంలోని ‘ఎవ్వనిచే జనించు’ అనే ఉత్పలమాలను పెద్ద అక్షరాలతో రాసి, పెన్సిల్ చేతికివ్వండి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘వ్వ’ కింద గీత గీయమంటే కురళ్ నాటి ఎదుగై గుర్తుకొస్తుంది. తరువాత అసలు క్రియ ఎక్కడుందో వెతకమనండి. జగం పుట్టుక, లయం, మూలకారణం అన్నీ దాటుకుంటూ వెళ్లిన పెన్సిల్, పద్యంలో చిట్టచివరి మాటైన ‘వేడెదన్’ దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఎవరిని వేడుతున్నాడో పిల్లనే చెప్పనివ్వండి.