పదో తరగతి విద్యుత్ పాఠంలో డిజిటల్ ప్యానెల్‌ను వాడుకునే పద్ధతి

ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు-నేడు’ కింద బాగుపడిన ఉన్నత పాఠశాలలకు 2023 నుంచి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చాయి. ప్యానెల్ మీద వీడియో నడుస్తున్నంతసేపూ పిల్లల చూపు తెర మీదే ఉంటుంది గానీ, వారు ఆలోచిస్తున్నారో లేదో ఉపాధ్యాయుడికి తెలిసే వీలుండదు. అందుకే తెర జవాబు చూపకముందే ప్రతి విద్యార్థీ తన జవాబు తేల్చి చెప్పవలసి వచ్చేలా పాఠాన్ని అమర్చుకోవాలి.

ఇందుకు పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వనక్కర్లేదు. ప్లికర్స్ అనే యాప్ ఉన్న ఉపాధ్యాయుడి ఫోన్ ఒక్కటి, ఆ యాప్ కెమెరాతో చదివే కార్డులు ఉంటే చాలు. ఉచితంగా దొరికే ఈ కార్డులను మందపాటి కాగితంపై ముద్రించుకోవాలి. మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుతురు పడి కెమెరా వాటిని సరిగా చదవలేదు. ప్రతి కార్డు మీదా వేరే గుర్తు ఉంటుంది, నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి అక్షరాలు సన్నగా ఉంటాయి. తాను ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా విద్యార్థి కార్డు పట్టుకుంటే, ఫోన్‌ను తరగతి మీదుగా ఒకసారి తిప్పగానే అందరి జవాబులూ నమోదవుతాయి. గుర్తులు వేరువేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పడం అంత తేలిక కాదు.

కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ (PhET) అనుకరణల్లో, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రాముల్లో, విద్యుత్ వలయాలను నిర్మించేది ఒకటుంది. ముందురోజే దాన్ని తెరిచి, వలయం కట్టి చూసుకోవాలి. తరగతిలో మాత్రం అనుకరణను మూసి ఉంచి ముందుగా ప్రశ్న వేయాలి: ఒకే రకం బల్బులు రెండింటిని శ్రేణి సంధానంలో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపితే, బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరగా ఉన్నది రెండోదానికన్నా ఎక్కువగా వెలుగుతుందా, తక్కువగానా, సమానంగానా? మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుందన్న నమ్మకం పిల్లల్లో బలంగా ఉంటుంది కాబట్టి జవాబులు చీలిపోతాయి, మనకు కావలసిందీ అదే. అప్పుడు ఏది సరైనదో చెప్పకుండా, వేరే జవాబు ఎంచుకున్న పక్కవారిని ఒప్పించమని రెండు నిమిషాలు వదిలిపెట్టి, మళ్లీ కార్డులు ఎత్తించాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి భౌతికశాస్త్ర తరగతుల్లో నడిపిన పద్ధతి ఇదే. ఈ రెండు నిమిషాల గోల చూసి కంగారుపడి మధ్యలో ఆపకండి. పాఠం పిల్లలకు నిజంగా ఎక్కేది అక్కడే.

ఆ తర్వాతే అనుకరణ తెరిచి, వాదించుకున్న ఇద్దరినీ ప్యానెల్ దగ్గరికి పిలిచి వలయం కట్టించాలి. బ్యాటరీని 9 వోల్టులకు, ఒక్కో బల్బు నిరోధాన్ని 10 ఓంలకు అమర్చితే, అమ్మీటరును మొదటి బల్బుకు ముందు పెట్టినా రెండింటి మధ్య పెట్టినా 0.45 ఆంపియర్లే చూపిస్తుంది, అంటే రెండు బల్బులూ సమానంగానే వెలుగుతాయి. అదే బల్బులను సమాంతర సంధానంలోకి (ఒక్కోటీ విడిగా బ్యాటరీకి కలిసేలా) మార్చే ముందు మళ్లీ ప్రశ్న, మళ్లీ కార్డులు. అక్కడ ఒక్కో బల్బు గుండా 0.90 ఆంపియర్లు పోతాయి.

ఎవరు తప్పు చెప్పారో పేర్లతో తెర మీద చూపవద్దు. మొత్తం లెక్క మాత్రమే చూపాలి, లేకపోతే మర్నాటి నుంచి పిల్లలు క్లాసు లీడరు కార్డును చూసి తిప్పే ప్రయత్నం మొదలుపెడతారు. ఒక పీరియడ్‌లో ఇలాంటి ప్రశ్నలు రెండు మూడుకు మించకూడదు. రెండోసారి కూడా తప్పిన వారి పేర్లు ఫోన్‌లో ఉంటాయి కాబట్టి, మర్నాడు ప్రయోగశాలలో నిజమైన బల్బులు, సెల్‌లతో వలయం కట్టే పని ముందుగా వారికే అప్పగించాలి.