అబద్ధపు గంజాయి కేసులో మీ కుటుంబంలో ఎవరినైనా ఇరికిస్తే ఏం చేయాలి?

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి మహారాష్ట్ర వైపు సాగే గంజాయి రవాణాకు వరంగల్, కాజీపేట కూడా దారిలోనే ఉండడంతో ఇక్కడ తనిఖీలు ఎక్కువ. వాటిలో సంబంధం లేనివారు చిక్కుకున్నప్పుడు, సరుకు మీవారి దగ్గరే దొరికిందని ఒకసారి తేలిందంటే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 35, 54 సెక్షన్ల ప్రకారం తమకు ఏమీ తెలియదని చూపించే భారం నిందితుడి మీదే పడుతుంది. అందుకే ఆధారాల సేకరణ మొదటి వారంలోనే మొదలు కావాలి.

ముందుగా, అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా అడగండి. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కొట్టినా, అంతకు ముందురోజే పట్టుకెళ్లినా ఆ సంగతి అక్కడే చెప్పి నమోదు చేయించాలి. న్యాయవాది లేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

తర్వాత పంచనామా ప్రతి తీసుకుని అక్షరం అక్షరం చదవాలి. అసలు కేసు ఇందులోనే ఉంటుంది. పట్టుకున్న సమయం, పంచుల (సాక్షుల) పేర్లు, తూకం ఏ కాంటా మీద వేశారు, సీలు ఎవరు వేశారు, నమూనాలను 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో తీశారా అన్నవి చూడండి. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అవుతుంది, అప్పుడు 37వ సెక్షన్ వల్ల బెయిలు చాలా కష్టం. అయితే చట్టం గంజాయి అనేది పూత, కాయలున్న కొనలనే. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ లెక్కలోకి రావు. మూటను మూటగా తూచి 21 కిలోలని రాశారంటే న్యాయవాది మొదట పట్టుకోవలసింది ఆ అంకెనే. ఒంటిమీద సోదాకు ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షం కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ ప్రకారం చెప్పాలి కానీ, ఆ రక్షణ చేతిసంచికి వర్తించదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అదే వారంలో సీసీ కెమెరాల దృశ్యాలను భద్రపరచాలని కోర్టులో దరఖాస్తు వేయించండి. దుకాణాల్లో పాత దృశ్యాలు త్వరగానే చెరిగిపోతాయి. పోలీసు స్టేషన్లలో మాత్రం కెమెరాలు పెట్టి వాటిని 18 నెలలు నిల్వ ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. మీవారి ఫోను టవరు వివరాలు పంచనామాలోని చోటుకు, సమయానికి పొసగకపోతే అంతకంటే బలమైన ఆధారం ఉండదు. పోలీసుల ముందు ఒప్పుకున్నట్టుగా రాసుకున్న వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదు కనుక దాని గురించి కుంగిపోనక్కర్లేదు.

వాణిజ్య పరిమాణం కేసులో 180 రోజుల్లోపు అభియోగపత్రం పడకుండా, కోర్టు గడువు కూడా పొడిగించకుండా ఉంటే బెయిలు హక్కుగా వస్తుంది. ఆ తేదీని ముందే గుర్తుపెట్టుకోవాలి. వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో కూల్చివేశారు కాబట్టి ములాఖత్‌కు దూరం వెళ్లవలసి రావచ్చు, ఏ జైలుకు పంపుతున్నారో రిమాండు రోజే కనుక్కోండి.

ఇక బాధ్యుల సంగతి. కారణం లేకుండా వేధించి అరెస్టు చేసిన అధికారికి అదే మాదకద్రవ్యాల చట్టం 58వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ మాత్రమే ఉన్నాయి; తెలిసి తప్పుడు సమాచారమిచ్చి అరెస్టు చేయించినవారికి రెండేళ్ల వరకు శిక్ష పడుతుంది. ఈ వెయ్యి రూపాయలను చూసి ఏ అధికారీ జంకడు. కనుక న్యాయవిరుద్ధమని తెలిసే నిర్బంధించినందుకు ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న భారతీయ న్యాయ సంహిత 258వ సెక్షన్‌ను, హైకోర్టులో పరిహారం కోరే రిట్‌ను కూడా న్యాయవాదితో చర్చించండి. గూఢచర్యం అబద్ధపు కేసులో ఇరుక్కున్న శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు సుప్రీంకోర్టు 2018లో 50 లక్షల పరిహారం ఇప్పించింది. కమిషనర్‌కు లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మానవ హక్కుల కమిషన్‌కు మాత్రం ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి కాబట్టి, కేసు కొట్టివేసేదాకా ఆగకుండా విచారణ నడుస్తుండగానే ఆ ఫిర్యాదు వేయండి.