మాంసపు గొర్రెల మందలో జాతి ఎంపిక, మరణాల లెక్క

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గొర్రెల మందను మార్చుకోదలచినవారు మొదట పొట్టేలు ఎత్తు, తూకం చూస్తారు. అంతకుముందు తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది. పాలు మరిచిన పిల్లల మొత్తం బరువును, పొట్టేలును మందలో వదిలిన నాటి ఆడగొర్రెల మొత్తం బరువుతో పోల్చి చూడాలి. ఆ తరువాత చనిపోయిన ఆడగొర్రెల బరువును ఈ తల్లుల మొత్తంలోంచి తీసివేయకూడదు, ఎందుకంటే అవి తిన్న మేత తిరిగి రాదు.

ఉదాహరణకు, 24 కిలోల నాటు గొర్రెలు 50 ఉండి, 10 కిలోల చొప్పున 40 పిల్లలు దక్కితే, 1,200 కిలోల తల్లుల బరువుకు 400 కిలోల పిల్లలు, అంటే నూటికి 33 కిలోలు వచ్చినట్లు. 32 కిలోల పెద్దజాతి గొర్రెలు 50 ఉండి, పిల్లలు 13 కిలోలు తూగినప్పటికీ 32 మాత్రమే బతికితే, నూటికి దక్కేది 26 కిలోలే. అక్కడ కూడా 40 పిల్లలు బతికితే ఆ సంఖ్య 32 దాటుతుంది. జాతిలో ఉందనుకున్న తేడా నిజానికి ఎనిమిది పిల్లల చావులో ఉంది.

అందువల్ల నెల్లూరు జోడిపి వంటి పెద్దజాతిని కోరుకునేవారు, ఆడగొర్రెలన్నిటినీ ఒకేసారి మార్చకుండా, ఇక్కడి వానకూ మేతకూ అలవాటుపడిన నాటు గొర్రెలను ఉంచుకుని మంచి విత్తనపు పొట్టేలును మాత్రమే తేవడం మేలని నా అభిప్రాయం. ఆ పొట్టేలు తన కూతుళ్లతోనే జతకట్టకుండా రెండేళ్లకొకసారి మార్చాలి.

మరణాలలో ఎక్కువ శ్రద్ధ కోరేది పుట్టిన మొదటి వారం. పిల్ల పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగించి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, తడి లేని చోట తల్లితో ఉంచాలి. తొలకరి తరువాత లేత పచ్చికను ఆబగా మేసిన గొర్రెలకు, అందులోనూ బాగా ఎదుగుతున్న పిల్లలకు, చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) వస్తుంది కాబట్టి వానలకు ముందే టీకా వేయించాలి. పారుడు రోగం (పీపీఆర్ అనే అంటువ్యాధి) టీకాను మూడు నెలలు దాటిన పిల్లలకు వేయించాలి. నాగావళి, వంశధార ఆయకట్టులో చెరువు గట్లు, వరి మళ్లు మేసే మందలకు నత్తల ద్వారా కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి) సోకుతుంది. పశువైద్యుడు చెప్పిన మందును సకాలంలో తాగించాలి.

తల్లిగొర్రె చనిపోతే నష్టం రెండింతలు, ఎందుకంటే దాని స్థానంలో అమ్మకానికి పోవలసిన ఆడపిల్లను మందలోనే నిలుపుకోవాలి. ప్రతి చావుకు వయసు, నెల, కారణం పుస్తకంలో రాసి, కారణం తెలియనప్పుడు కళేబరాన్ని పూడ్చకముందే పశువైద్యుడికి చూపించాలి.