పైథాన్ సాకెట్: డేటా సగమే వస్తోందా, మధ్యలో ఆగిపోతోందా?

ముత్తుకూరు దగ్గర రొయ్యల చెరువు నుంచి నెల్లూరు ఆఫీసుకు ఆక్సిజన్, ఉప్పదనం రీడింగులు పంపే పైథాన్ ప్రోగ్రాం అనుకుందాం. నెట్‌వర్క్‌లో రెండు ప్రోగ్రాంలు మాట్లాడుకునే కనెక్షన్ కొసనే సాకెట్ అంటారు.

కనెక్షన్ నిరాకరించారని ఎర్రర్ వస్తే ఆ పోర్టు (ప్రోగ్రాంను గుర్తించే నంబరు) దగ్గర వినే ప్రోగ్రాం లేదన్నమాట. సర్వర్‌ను (ఆఫీసులో రీడింగులు అందుకునే ప్రోగ్రాంను) 127.0.0.1కు, అంటే ఆ కంప్యూటర్ లోపలి చిరునామాకు, బైండ్ చేశారేమో (కట్టేశారేమో) చూడండి. అది బయటివాళ్లకు అందదు, 0.0.0.0 పెట్టాలి. టైమౌట్ వస్తే ఫైర్‌వాల్‌నో, ఐపీ చిరునామానో అనుమానించండి.

సొంత కంప్యూటర్‌లో బాగుంది, నెట్‌వర్క్‌లో డేటా తెగుతోంది

కోడ్ తిరగరాసే ముందు రెండు వైపులా బైట్ల లెక్క ప్రింట్ చేయండి. ఈ ఒక్క పని చేయకుండా రోజంతా పోగొట్టుకుంటున్నారు!

సాకెట్ వాడే టీసీపీకి (బైట్లను వరుస తప్పకుండా చేరవేసే పద్ధతి) సందేశాల హద్దులు తెలియవు. సంగం ఆనకట్ట దగ్గర ఎన్ని విడతలుగా వదిలారో కాలువ చివరి పొలంలో నీటిని చూసి చెప్పగలమా? ఇదీ అంతే. డేటా అందుకునే రిసీవ్ ఫంక్షన్‌కు 4096 బైట్లని ఇస్తే అది గరిష్ఠ పరిమితి మాత్రమే, అన్నీ ఒకేసారి వస్తాయన్న హామీ కాదు. అందుకే సందేశం ముందు దాని పొడవును 4 బైట్లలో పంపి, అన్ని బైట్లూ అందేదాకా లూప్‌లో చదవాలి. ఖాళీ బైట్లు వస్తే అవతలివాళ్లు మూసేసినట్టు, లూప్ ఆపేయండి. పంపడానికి సెండ్ బదులు సెండ్ఆల్ వాడండి, సెండ్ కొన్ని బైట్లే పంపి ఆగవచ్చు.

ఇంగ్లీషు పేర్లకు సరే, తెలుగు పేరు రాగానే ఎర్రర్ లేకుండా ఆగిపోతోంది

అందరినీ ముంచేది ఇదే. "ఒంగోలు" అన్న స్ట్రింగ్ పొడవు అడిగితే పైథాన్ 6 అంటుంది. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కాబట్టి నిజంగా వెళ్లేవి 18. మీరు 6 అని పంపితే అవతల "ఒం" వరకే చదివి, సందేశం అయిపోయిందనుకుంటుంది. మిగిలిన "గోలు"లోని మొదటి 4 బైట్లను తర్వాతి సందేశం పొడవుగా తీసుకుంటుంది. ఆ అంకె 376 కోట్లు దాటుతుంది! ఇక అన్ని బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తప్పు నెట్‌వర్క్‌ది కాదు, రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా మారదు.

ముందు ఎన్‌కోడ్ చేయండి (అక్షరాలను బైట్లుగా మార్చండి), ఆ వచ్చిన బైట్లకే పొడవు కొలవండి. అవతల కూడా అన్ని బైట్లూ చేరాకే డీకోడ్ చేయాలి (తిరిగి అక్షరాలుగా మార్చాలి). ముక్కముక్కకూ చేస్తే ఒక అక్షరం మధ్యలో తెగి యూనికోడ్ ఎర్రర్ వస్తుంది.

నేగిల్ అల్గారిథం (చిన్న ముక్కలను కలిపి పంపే టీసీపీ పద్ధతి), ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం), పాడైన నెట్‌వర్క్ కార్డు వంటివి కారణం కావడం చాలా అరుదు. బైట్ల లెక్క రెండు వైపులా సరిపోయాక కూడా ఇబ్బంది ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.